ఒక్క మెట్టు దించితే

కీక్... కీక్... కీక్.

ఉడత అనుకుంది స్వరూప. పప్పు కడుగుతున్న చేయి ఆపి చెవి పెట్టింది. ఉడత ఇంత లెక్కగా అరవదు.

ముందుగదిలోకి వచ్చి చూస్తే, అరుస్తున్నది కంప్యూటర్.

మే నెల. మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. గోదావరిఖనిలో గోడను తాకితే చేయి చురుక్కుమనే వేళ. రెండు గదుల క్వార్టర్‌లో ఉన్నది ఒక్కటే కూలర్. ఈ ఎండాకాలం అది ఒక్కనాడూ మనుషుల వైపు తిరగలేదు. దాని గాలంతా మూత తీసిన కంప్యూటర్ పొట్టలోకే. గంటకో బిందె నీళ్లు పోయడం స్వరూప డ్యూటీ.

ఇప్పుడు కూలర్‌లో నీళ్లు తోడే మోటారు కాలిపోయింది. గడ్డి తడకలు ఎండిపోయి, ఫ్యాను వడగాలిని విసురుతోంది.

ఆమె భర్త సంపత్ బొగ్గుబావిలో పనిచేస్తాడు. పైకి రావాలన్నది అతని కోరిక. అతణ్ని పైన చూడాలన్నది ఆమె మొక్కు. పై ఆఫీసు కంప్యూటర్ గదిలో ఒక చోటు ఖాళీ అయింది. ఆ గది చూసే ఉమామహేశ్వర్ సారు నవ్వుతూనే ఒక షరతు పెట్టాడు. వేగం పెంచిన నీ మిషను ఈ ఎండల్లో, ఏసీ లేకుండా, ఒక పగలూ ఒక రాత్రీ ఆగకుండా నడిస్తే నీ పేరు నేను రాస్తానన్నాడు. నిన్న సాయంత్రం ఐదింటికి పరుగు మొదలైంది. ఈ సాయంత్రం ఐదింటికి సారు వచ్చి చూస్తాడు.

ఓవర్‌క్లాకింగ్ అంటే ఏమిటో సంపత్ ఆమెకు ఒకసారి చెప్పాడు. మనిషికి ఓవర్‌టైం ఎట్లాగో ప్రాసెసర్‌కు ఇది అట్లాగట. తయారుచేసినవాడు పెట్టిన వేగాన్ని మెట్టు మెట్టుగా పెంచాలి. ప్రతి మెట్టు మీదా ఆగి, నిలుస్తుందో కూలుతుందో చూడాలి.

"పైకి ఏం కనవడది. లోపల ఉడుకుతుంటది. ఓర్చుకున్నన్ని దినాలు నడుస్తది" అన్నాడు.

స్వరూపకు అది తేలిగ్గానే అర్థమైంది.

ఈ విద్య అతనికి చౌరస్తాలోని కిషన్ దుకాణంలో అబ్బింది. షిఫ్టు దిగి, స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకొని వెళ్లేవాడు. కిషన్ రిపేర్లకని జ్యోతినగర్ పోయి, అతని భార్య దుకాణం చూసుకునే రోజుల్లోనూ అక్కడే రెండేసి గంటలు కూర్చొని, వేలెడంత పేస్టు ట్యూబుతో తిరిగొచ్చేవాడు. ప్రాసెసర్ నెత్తిన పూస్తే అది వేడిని లాగేస్తుందట.

కీక్, కీక్, కీక్.

డబ్బా ముఖాన ఉన్న చిన్న అద్దంలో వేడి అంకె: డెబ్బై ఎనిమిది డిగ్రీలు. తొంభై దాటితే తనంతట తానే ఆగిపోతుందని సంపత్ చెప్పి వెళ్లాడు. అతనిది మొదటి షిఫ్టు. మూడింటిదాకా భూమి లోపలే. అక్కడికి ఏ ఫోనూ అందదు.

స్వరూప కిషన్‌కు ఫోన్ చేసింది.

అయిదు నిమిషాల్లో బండి దిగాడు కిషన్. సంపత్‌ను బావా అని, స్వరూపను చెల్లె అని పిలిచే మనిషి. వచ్చీ రాగానే కుర్చీ లాక్కున్నాడు.

"బుగులు వడకు చెల్లె. ఒక్క మెట్టు దించితే చాలు. ఆగకుంటనే సల్లవడ్తది."

ఒక్క మెట్టు దించినా షరతుకు భంగం లేదని కూడా చెప్పాడు. మౌసు కదిపాడు. తెర పాస్‌వర్డ్ అడిగింది.

"ఏంది చెల్లె? బావ చెప్పలేదా?"

స్వరూప చెంబుతో కూలర్ తడకల మీద నీళ్లు చల్లుతోంది. తల ఎత్తలేదు.

"ఎరుకనే" అంది.

ఎరుకే. సంపత్ తెర ముందు కూర్చున్న ప్రతిసారీ ముందు పెదవులు కదిలేవి, తర్వాత వేళ్లు కదిలేవి. వెనకాల ఎల్లిపాయలు ఒలుస్తూ ఆమె ఆరు నెలలుగా వింటూనే ఉంది.

"మరి చెప్పు."

స్వరూప మళ్లీ చెంబు ముంచింది. పోనీ నువ్వే కొట్టమని కుర్చీ జరిపాడు. ఇంగ్లీషు అక్షరాలు రావంది.

కిషన్ ఆమె ముఖం చూశాడు. నవ్వాడు.

"సమజైంది. బావ పేరా?"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. పెళ్లినాడు ఆడబిడ్డలు గడపకు అడ్డం నిలబడి మొగని పేరు చెప్పి లోపలికి రమ్మంటే, హారతి ఆరిపోయేదాకా నిలబడింది. చివరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని గొణిగింది. ఆనాటి నుంచి మళ్లీ ఆ పేరు ఎత్తలేదు.

"గిట్ల సిగ్గువడితే ఎట్ల? నా పెండ్లాం మమతను చూడు. నడిబజార్ల కిషన్ అని కేకేస్తది. ఊరంత మల్లి చూస్తది. నాకైతే ఏం ఫికర్ లేదు."

నవ్వుతూనే సంపత్ అని కొట్టాడు. తెర ఒప్పుకోలేదు. పేరు పక్కన పుట్టిన సంవత్సరం చేర్చాడు. ఒప్పుకోలేదు. ఇంటిపేరు చేర్చాడు. ఒప్పుకోలేదు.

ఎనభై నాలుగు. ఎనభై ఆరు.

కీక్‌కూ కీక్‌కూ నడుమ ఎడం పోయింది. కిషన్ నవ్వూ పోయింది. చెమట తుడుచుకొని, గోడ మీది స్విచ్చు దగ్గరికి చేయి చాపాడు.

"ఇగ నాతోని కాదు చెల్లె. బంద్ చేస్త. దానంతట అది ఆగేలోపే కాలిపోతే మల్ల రాదు."

స్వరూప గడియారం చూసింది. ఇంకా మూడు గంటల ఇరవై నిమిషాలు. ఆ స్విచ్చు పడితే సంపత్ రేపూ బావిలోకి దిగుతాడు, ఎల్లుండీ దిగుతాడు. పదవీ విరమణ దాకా అతని పైకప్పు బొగ్గే. అతడు తిరిగొచ్చేదాకా ప్రతి షిఫ్టుకూ ఆమె చెవి వీధిలోనే.

ఎనభై ఎనిమిది.

"ఆగు అన్నా."

కిషన్ చేయి స్విచ్చు మీదే ఆగింది.

"చెప్త. కొట్టు. కానీ నన్నేం అడగకు."

అతను తిరిగొచ్చి, మీటల మీద వేళ్లు పెట్టి, తల ఊపాడు. చెల్లె నోట బావ పేరు వినబోయేవాడిలా మళ్లీ చిన్నగా నవ్వాడు.

స్వరూప చెంబు కింద పెట్టింది. ఈసారి కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు. ఒక్కొక్క అక్షరం విడదీసి, స్పష్టంగా పలికింది.

"మమత."