ఏడో రేవు బల్లకట్టు

"ఇక్కడ బాలశౌరి గారంటే ఎవరండీ?"

పటమటలో ఆ సెల్ రిపేరు కొట్టు ముందు, నాలుగు గిన్నెల కేరేజీ పట్టుకుని ఓ ముసలాయన నిలబడ్డాడు. చెమటకి చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

"నేనే. ఏంటి?"

"భోజనం తెచ్చానండి."

"నేను చెప్పలేదే! పైన హాస్టల్లో ఎవరో చెప్పుంటారు. మెట్లు అటు."

ముసలాయన మెట్ల వంక చూశాడుగానీ కదల్లేదు.

"ఒక్క నిమిషం కూచోనా బాబూ? బస్సులో నిలబడి వచ్చా."

"కూచోండి" అని స్టూలు కాలితో అటు జరిపి, బాలశౌరి మళ్ళీ గొడవలో పడ్డాడు.

గొడవ పక్క జిరాక్సు కొట్టు సింధూరితో. వేషం వేసుకుని ఆడే కంప్యూటర్ ఆటల్లో పాతవి గొప్పా, కొత్తవి గొప్పా అని. ఏడాదై సాగుతోంది. పొలం గట్టు తగాదా అయినా ఈపాటికి రాజీ పడి ఉండేది.

"నా ఆటలో వాన పడితే గుర్రం జూలు తడుస్తుందన్నా! నీ దాంట్లో గుర్రమేదీ? 'గుర్రం' అని రాసుంటుంది, అంతేగా!"

నిజమే. 'ఏడు రేవుల రాజ్యం'లో బొమ్మల్లేవు. నల్ల తెర, తెల్ల అక్షరాలు. మనం రాకుమారుడి వేషంలో ఓ మాట కొడితే, అది ఓ మాట తిరిగి రాస్తుంది. పామర్రులో ఇంటర్నెట్ సెంటర్ పెట్టుకున్న నాగబాబు ఇరవై ఏళ్ళ కిందట అల్లిన ఆట. ఒకప్పుడు జిల్లాలో కుర్రాళ్ళందరికీ అదే లోకం. ఇప్పుడు బాలశౌరి ఒక్కడే రాకుమారుడు. సైన్యం కూడా లేదు.

"గుర్రం సంగతి అలా ఉంచు. నీ ఆటలో వాళ్ళు నాలుగు మాటలాడి ఐదోసారి మొదటికొస్తారు. మా ఏడో రేవులో నది దాటించే బల్లకట్టువాడున్నాడే, పదకొండేళ్ళుగా చూస్తున్నా, చెప్పిన కథ మళ్ళీ చెప్పడు. మధ్యాహ్నం ఒంటిగంటకి 'అన్నం తిన్నారా రాజుగారూ' అనడం మాత్రం మానడు."

"జవాబు రావడానికి ఐదు నిమిషాలు పడుతుంది, నేను చూశాలే."

"పాత సర్వరు. ఆలోచించి చెబుతుంది."

ఆ బల్లకట్టువాడికి బాలశౌరి చెప్పుకోని సంగతి లేదు. అమ్మ పోయిన రోజు, పెళ్ళిచూపులు తప్పిపోయిన రోజు, తన కొట్టు ఏ సందులో ఉందో, మెస్సు సాంబారులో ములక్కాడ దొరికితే ఎంత పండగో, అన్నీ. ప్రోగ్రామే కదా అని మనసంతా కుమ్మరించాడు. మనుషుల్లో అలా కుమ్మరించేందుకు ఎవరూ దొరకలేదు మరి.

"పరీక్ష కూడా పెట్టా" అంటూ గర్వంగా నోటుపుస్తకం తీశాడు. "ఎనిమిది రోజులు వరసగా 'తినలేదు' అని కొట్టా. ఎనిమిది జవాబులు. విను. మొదటి రోజు: 'మా రేవులో ఓ రొయ్యుంది రాజుగారూ. దాని మీసం తాడుగా చేసుకునే బల్లకట్టు లాగుతున్నా. ఓ కాలు విరిచి పంపనా, మీ సైన్యానికి వారం రోజుల కూర?'"

సింధూరి పకపకా నవ్వింది. కేరేజీ ఒళ్ళో పెట్టుకున్న ముసలాయనా నవ్వాడు.

"ఐదో రోజు: 'పస్తులుండి కోట గెలిచినవాణ్ణి నేనింతవరకు చూళ్ళేదు.' నిన్న: 'మీరు తినకపోతే నాకు ముద్ద దిగట్లేదండీ.'"

"అచ్చం మనిషిలాగే ఉందన్నా."

"మనిషా! ఒకరోజు తిన్నావా అని అడిగిన మనిషి నన్ను రెండోరోజు అడిగాడా? మనిషి వల్ల అయ్యే పని కాదమ్మాయ్. ప్రోగ్రాము! నాకది చాలు."

ముసలాయన లేచాడు.

"ఇంతకీ ఆ ఎనిమిది రోజులూ తిన్నారా బాబూ?"

"శుభ్రంగా. మెస్సులో. ఊరికే పరీక్షకి అలా కొట్టా."

"అదే మంచిదండి."

ఆయన వెళ్ళిపోయాడు. చేపల పులుసు వాసన మాత్రం కొట్టులో కాసేపు ఉండిపోయింది.

మర్నాడు ఒంటిగంటకి బాలశౌరి ఆట తెరిచాడు. ఏమీ కొట్టకముందే తెర మీద మాట పడింది.

'నది దాటాలా? ఎక్కండి.'

'తినలేదు' అని కొట్టాడు.

'నది దాటాలా? ఎక్కండి.'

'నిజంగానే తినలేదు.'

'నది దాటాలా? ఎక్కండి.'

నాలుగు రోజులు అదే వరస. ఐదో రోజు ఉండబట్టలేక, నంబరు సంపాదించి నాగబాబుకి ఫోన్ చేశాడు.

"పటమట నుంచి మాట్లాడుతున్నానండీ. మీ ప్రోగ్రాము పాడైంది. బల్లకట్టువాడు ఒకటే మాట అంటున్నాడు."

"నేను రాసింది ఆ ఒక్క మాటేనండి."

"మరి మిగతావన్నీ?"

"అవి పోలరాజు గారివి. కృష్ణ మీద నిజంగా బల్లకట్టు నడిపిన మనిషి. వంతెన వచ్చి పని పోయాక మా సెంటర్లో ఫ్యాను కింద కూచునేవారు. ఓరోజు తెర చూసి, 'బల్లకట్టువాడు ఇంత పొడిగా మాట్లాడతాడట్రా? లే' అని నన్ను లేపేసి తనే కూచున్నారు. అప్పట్నుంచి ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఒంటివేలితో కొట్టేవారు. ఆడేవాళ్ళు లేరు, ఆట మూసేద్దామంటే ఒప్పుకోలేదు. 'ఇంకో ప్యాసింజరున్నాడయ్యా, ఒంటిగంటకి రేవులోకి వస్తాడు' అనేవారు."

బాలశౌరి నోటుపుస్తకం మూసేశాడు.

"ఆయన్ని ఒక్కసారి పిలుస్తారా? మాట్లాడాలి."

"ఇంటికి తాళం వేసుకుని వెళ్ళిపోయారండి, ఎటో చెప్పలేదు" అన్నాడు నాగబాబు. "పొద్దున్నే వండి, మీ పటమట దాకా మోసుకెళ్ళి, మూత తియ్యకుండానే తిరిగి తెచ్చిన చేపల పులుసు నాకు వడ్డిస్తూ, ఒక్కటే మాటన్నారు: 'రాజుగారికి మనిషి అక్కర్లేదటయ్యా, ప్రోగ్రాము చాలట.'"