ఇనప మూకుట్లో తోటకూర

ఆ రోజుల్లో వంటిళ్ళు మనుషుల నెత్తురు చూసి వండేవి. గోడకు వేలు ఆనిస్తే చాలు. చెల్లెలు కనకరత్నం వేలు ఆనిస్తే మాత్రం మజ్జిగన్నమే వచ్చేది. రాగి ఆసరాతో పనిచేసే ఎంజైము ఒకటి ఆమె నెత్తురులో పుట్టుకతోనే లేదు. అది లేనివాళ్ళు తిన్న ఇనుము నెత్తురులోకి సరిగా చేరక కాలేయంలో, మెదడులో పేరుకుపోతుంది. మొహం పాలిపోతుంది, జ్ఞాపకం చెదురుతుంది.

అక్క వరాలమ్మకు ఆ పాలిపోయిన మొహమే కనిపించింది. మజ్జిగన్నంతో మనిషి ఎలా నిలుస్తుందని, ఇనప మూకుట్లో తోటకూర వేయించి ఏళ్ళ తరబడి చాటుగా ముద్దలు పెట్టింది. నెత్తురులో ఇనుము ఎప్పుడూ తక్కువే కనిపించడంతో వంటింటికీ అనుమానం రాలేదు. చివరికి ఒకనాడు డాక్టరు కనకరత్నం మెదడు ఫొటో చూపించి, "ఇంత ఇనుము ఎవరు పెట్టారమ్మా?" అని అడిగాడు.

మర్నాడు వరాలమ్మ మజ్జిగన్నమే కలిపి అందించింది.

"కూరేదీ?"

"లేదే. ఇకనుంచి ఇదే."

కనకరత్నం ఆమెను ఎగాదిగా చూసి కంచం పక్కకు నెట్టింది.

"నువ్వెవరో ఏమో, నాకు పెట్టకమ్మా. మా అక్కొచ్చాక తింటాను."

"వస్తుందిలే," అంది వరాలమ్మ పక్కన కూర్చుంటూ. "అందాకా ఈ ముద్ద తిను."