అందరికంటే ముందు

చిన్నది బాత్రూములో దూరి గడియ పెట్టుకుంది. సముద్రాలవతల ఓడరేవులో క్రేన్ నడిపే నాన్నకి ఫోన్ కలిపింది. ఈసారైనా ఇంటి కబురు అక్క, అన్నయ్యల కంటే ముందు తనే చెప్పాలి.

"నాన్నా, ఒక కబురు! అమ్మకీ..."

"కారు లైసెన్సు వచ్చేసిందా! నిజంగానే!"

"నేనింకా చెప్పనేలేదు!"

నాన్న నాలుక కరుచుకున్నాడు.

"అక్క చెప్పేసింది కదూ?"

"అబ్బే, అదేం లేదమ్మా..."

"నాన్నా!"

"సరే, సరే. అక్క మేడ మీంచి చేసింది. అన్నయ్య వీధి చివరికెళ్లి చేశాడు. ఎవరికీ చెప్పొద్దని ఇద్దరూ ఒట్టేయించుకున్నారు. వాళ్లకంటే ముందు మీ అమ్మే చేసింది, కారు దిగకుండానే."

"అందరి దగ్గరా ఇలాగే ఆశ్చర్యపోయావా?"

"ఒకేలా ఎలా కుదురుతుంది? అక్కకి ఈల వేశాను. అన్నయ్యని 'కోతలు కొయ్యకు' అన్నాను. నీకోసం పెద్ద కేక దాచాను. తొందరపడి పాడుచేసుకున్నాను."

చిన్నది మూతి ముడుచుకుంది. "తెలుసని ముందే చెప్పెయ్యొచ్చుగా! మాకీ పరుగులు తప్పేవి."

"చెబితే ఫోన్ పెట్టేస్తారు కదమ్మా."

బయట అన్నయ్య తలుపు బాదుతున్నాడు. చిన్నది గడియ మీద చెయ్యి వేసి, మళ్లీ తీసేసింది. బకెట్టు బోర్లించుకుని దాని మీద కూర్చుని గొంతు సవరించుకుంది.

"నాన్నా, ఒక కబురు! అమ్మకి కారు లైసెన్సు వచ్చింది!"

నాన్న వేసిన కేకకి బయట అన్నయ్య తలుపు బాదడం ఆపేశాడు.