లంద నీళ్లు

బక్కమ్మ ముంతెడు లంద నీళ్లు తెచ్చి కూతురి నెత్తిన కుమ్మరించింది. తోళ్లు నానేసిన ఆ నీళ్ల కుళ్లు కంపుకు ఈదమ్మ చివాలున లేచింది.

"థూ! ఇప్పుడే గద తానం చేసిన! ఏం పుట్టిందే నీకు?"

"గడికి తానం చేసి పోతరానే, పిచ్చిదానా?"

ఊళ్లో ఎర్రజెండా సంఘం ఉన్నన్నాళ్లు వెట్టి ఆగింది. పోలీసు చర్య ముగియగానే మిలట్రీ వెంట దొర తిరిగి వచ్చాడు. తన గడి ఊడ్వడానికి ఈదమ్మను రమ్మనడం ఇదే మొదలు.

"చిన్నప్పుడు నువ్వు గడికి పోయొస్తే నీ పక్కల పండకపోదును. గంత అసయ్యం నాకు," అంది ఈదమ్మ.

"నీకేనా? దొరకు గూడ అసయ్యమే. గందుకే నన్ను లోపలి అర్రకు ఎన్నడు పిలువలే. మా అమ్మ నేర్పిన ఇగురం ఇది."

ఈదమ్మ కొంగుతో ముఖం తుడుచుకోబోయి ఆగింది.

"మరి ఎల్లమ్మ తల్లి కాపాడిందంటివి?"

"గా అర్రల ఏడ్చినోళ్లంత ఎల్లమ్మకు మొక్కినోళ్లే, బిడ్డా. నువ్వు గూడ మొక్కు. మొక్కి, గీ నీళ్లు పోసుకో."

వాకిట్లోకి వచ్చిన గడి జవాను ముక్కు మూసుకున్నాడు. "ఛీ ఛీ! దొర ముందుకు గిట్లనే వస్తవా? కడుక్కొని రా, పో!"

 ఈదమ్మ చీపురు చంకన పెట్టుకొని గడప దాటింది.

"కడిగినా పోదయ్యా. మా అమ్మది గూడ ఎన్నడు పోలే."