తోకకప్పల్లో ఆఖరిది

“నాకు కడుపులో నొప్పి” అంది బర్డీ, ఈతకొలను లోతు వైపు గట్టు మీద నిలబడి.

“నిన్న మోకాలన్నావు. మొన్న చెవన్నావు. నీ నొప్పి బాగానే ఊరేగుతోందే!” అంది మార్లిస్ నీళ్లలోంచి.

గట్టు మీద పిల్లలు గొల్లుమన్నారు. బర్డీ మూతి ముడుచుకుంది.

మార్లిస్ నీమీ, బడి ఉన్నన్నాళ్లూ నాలుగో తరగతి టీచరు. బడి మూసిన మూణ్ణెల్లూ ఊరి ఈతకొలనులో కోచ్. ఇరవై ఎనిమిది వేసవులుగా ఇదే వరస. ఉత్తరాలు పంచే అతనికీ, పళ్ల డాక్టరుకీ, చర్చిలో పియానో వాయించే ఆవిడకీ ఈత నేర్పింది తనే. ఎక్కాలు రానివాళ్లనీ వదలదు, మునిగేవాళ్లనీ వదలదు.

కొలనులోకి కొత్తగా వచ్చినవాళ్లు తోకకప్పలు. లోతు వైపు దూకి, పది బారలు ఈది గట్టు పట్టుకుంటే చేపలు. ఆ చేపలకు ఓ ఆకుపచ్చ బిళ్ల ఇస్తారు. నీళ్లలో గార్లూ బూర్లూ లేవు, అందరూ పేర్లతోనే పిలుచుకోవాలి. మార్లిస్ ఒక్కతే ‘కోచ్’.

ఈ ఏడాది తోకకప్పలు తొమ్మిది. అందులో సగం మందికి ముందు పళ్లు లేవు. జూన్‌లో ఏడుస్తూ వచ్చినవాళ్లు నిన్నటికల్లా చేపలైపోయారు. బర్డీ మాత్రం మిగిలిపోయింది.

ఇవాళ లేబర్ డే, సెప్టెంబరు మొదటి సోమవారం సెలవు. మిన్నెసోటాలో వేసవి చుట్టపుచూపుగా వచ్చి పోతుంది. సాయంత్రం ఐదింటికి కొలను మూసేస్తారు, రేపు నీళ్లు వదిలేస్తారు. మళ్లీ జూన్ దాకా తాళమే.

బర్డీ బాధ ఒక్కటే. ఏటా ఈ రోజు ఇంటిల్లిపాదీ సరస్సుకు పోయి, చలి ముదరకముందే ఆఖరిసారి పడవెక్కుతారు. లోతులో దూకినవాళ్లకే పడవ అని ఆ ఇంటి కట్టుబాటు. అందరూ పడవలో ఉంటే బర్డీ ఒడ్డున తువ్వాళ్లకు కాపలా. దోమల్ని కొట్టుకుంటూ, నీళ్ల మీంచి వచ్చే నవ్వులు వింటూ ఉంటే ఏడుపొచ్చేది. అందుకే ఎవరూ చెప్పకుండానే వచ్చి ఈతలో చేరింది. చేరిన మర్నాటి నుంచే ఎగ్గొట్టే దారులు వెతికింది.

ఒకరోజు ఈత బట్టలు వాషింగ్ మెషీన్‌లో దాచేసింది. ఇంకోరోజు చీటీ పట్టుకొచ్చింది. “కోచ్‌కి, బర్డీకి జలుబు చేసింది. ఇవాళ నీళ్లలో దింపొద్దు. ఇట్లు, అమ్మ.”

నాలుగో తరగతి టీచరు దగ్గరా ఈ వేషాలు? ఆ రాత ఎవరిదో మార్లిస్ చూడగానే పట్టేసింది. జలుబూ లేదు గిలుబూ లేదు. ఎర్ర పెన్నుతో చీటీ మీద పెద్ద సున్నా చుట్టి చేతిలో పెట్టింది.

“దూకు బర్డీ! నేను నాలుగుసార్లు దూకా!” అని అరిచింది హాడ్లీ. ఆరేళ్ల పిల్ల, నిన్ననే చేప అయింది, కాలు నేల మీద నిలవడం లేదు.

“నీకేం, నువ్వు బాతువి.”

“నువ్వు పిల్లివి! మ్యావ్!”

గట్టంతా మ్యావులే. మార్లిస్ ఈల ఊదింది.

“ఎవరా పిల్లులు? ఇంకో మ్యావ్ వినబడిందంటే పదమూడో ఎక్కం అప్పజెప్పాలి!”

టక్కున నోళ్లు మూతపడ్డాయి.

బయట నుంచి కారు హారన్ మోగింది. బర్డీ ఇంటివాళ్లు కారు మీద పడవ కట్టుకుని ఎదురుచూస్తున్నారు.

“పట్టుకుంటావా?” అంది బర్డీ సన్నగా.

“పట్టుకుంటా.”

“మొన్నా అలాగే అన్నావు. నేను దిగగానే వెనక్కి జరిగావు.”

“ఒక్క అడుగేగా!”

“మూడడుగులు! లెక్కపెట్టా. టీచరై ఉండి ఇన్ని అబద్ధాలా?”

మార్లిస్‌కు నవ్వాగలేదు. వెనక్కి జరగకపోతే ఎవరికైనా ఈత ఎలా వస్తుంది? ఊరందరినీ ఆమె చేసిన మోసం అదొక్కటే. కానీ ఇవాళ ఆ మోసం పనికిరాదు. ఊరంతా ఈదుతుంటే బర్డీని ఇంకో ఏడాది తువ్వాళ్ల పక్కన కూర్చోబెట్టడం తన వల్ల కాదు.

“ఈసారి కదలను. ఒట్టు.”

“దేని మీద?”

“నా ఈల మీద.”

కొలనులో అంతకు మించిన ప్రమాణం లేదు. బర్డీ ఆలోచించింది. ముక్కు మూసుకుంది. కళ్లు మూసుకుంది. “ఓరి దేవుడో!” అంటూ దూకేసింది.

నీళ్లు ఎగిరి హాడ్లీ ఐస్‌క్రీమ్‌లో పడ్డాయి.

మార్లిస్ ఒట్టు తప్పలేదు. చేతులు చాచి అక్కడే ఉంది. అయితే బర్డీ కళ్లు తెరిస్తేగా! బుడుంగున తేలి, కాళ్లూ చేతులూ ఎడాపెడా కొట్టుకుంటూ, చాచిన చేతుల పక్కనుంచే దాటిపోయింది. “ఆరు! ఏడు! ఎనిమిది!” పిల్లలు గొంతులు చించుకుంటున్నారు. “తొమ్మిది! పది!” పదకొండో బారకు బర్డీ తల గట్టుకు ఠంగున కొట్టుకుంది.

కొలను దద్దరిల్లింది. పిల్లలందరూ ఒక్కసారిగా నీళ్లలో దూకేశారు. మార్లిస్ ఏడుస్తూ నవ్వుతూ ఈది వచ్చి, ఆకుపచ్చ బిళ్ల బర్డీ చేతిలో కుక్కి గట్టిగా వాటేసుకుంది.

బర్డీ నీళ్లు చీదేసి, ఊపిరి పీల్చుకుని, పకపకా నవ్వింది.

“మళ్లీ దూకుతానే మార్లిస్, నిన్ను కన్నరోజు కూడా నాకింత సంబరం కాలేదు!”