సగంలో ఆగే గొంతు

“ఏమండీ, ఒకసారి ఇటు...” అని టాబ్లెట్ ఆగిపోయింది.

బావమరిది మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అక్కడే ఆగింది.

“అక్క మాట సగంలో ఆపే రకమా బావా?” అన్నాడు. నవ్వించాలనే అన్నాడు గాని, ఇద్దరికీ నవ్వు రాలేదు.

గొంతులో కంతి ఉందని తెలిసిన వారం, ఆసుపత్రిలో చేరేముందు, అతని భార్య ఈ గదిలోనే తలుపేసుకుని కూర్చుని వేలకొద్దీ మాటలు రికార్డు చేసింది. ఏ వాక్యం టైపు చేస్తే దానికి తగ్గ మాటలు ఏరి, అతికి, ఆమె గొంతుతో పలికే ప్రోగ్రాం అతనే రాశాడు. ఆపరేషన్ అయ్యాక ఆ గొంతు ఇంట్లో వినపడిందంటే, ఈ మూలనున్న పాత యూనిక్స్ కంప్యూటర్లోనే.

అది గది దాటి రాదు. అతనికేమో ఆ గొంతు వంటింట్లోంచి కేకెయ్యాలి, తాళాలు మరిచిపోయారని మెట్ల మీంచి దెప్పాలి. ఏడాదిగా భోజనాల దగ్గర మాట్లాడేది అతనొక్కడే.

“అక్కడ బంగారంలా నడిచేది, ఈ విండోస్ టాబ్లెట్‌లోకి తేగానే ఏం రోగమొచ్చింది దీనికి?”

బావమరిదికి విండోస్ ప్రోగ్రాములతోనే బతుకుతెరువు. కోడ్ మీంచి కళ్ళు తిప్పకుండా అడిగాడు. “ఫైలు ఎలా చదవాలో చెప్పావా?”

“చెప్పడానికేముంది? యూనిక్స్‌లో ఎప్పుడూ చెప్పలేదే.”

“అదే తంటా. ఇక్కడ చెప్పకపోతే ప్రతి ఫైలూ అక్షరాలదే అనుకోవడం కంపైలర్‌కి అలవాటు, అదే దాని డిఫాల్టు. పూర్వం అలాంటి ఫైళ్ళ చివర ముగింపు గుర్తుగా ఒక అంకె పెట్టేవాళ్ళు. శబ్దాన్ని అంకెలుగా దాచిన ఫైల్లో మధ్యలో ఆ అంకె తగిలితే చాలు, అయిపోయిందనుకుని ఆగిపోతుంది.”

“అయిపోలేదు కదరా. ఇంకా బోలెడుంది.”

“తెలుసు బావా. డిఫాల్టు మార్చేద్దాం. ప్రోగ్రాం తయారుచేసేటప్పుడు ఒక చిన్న ఫైలు కలిపితే, ఇక దేన్నైనా ఉన్నదున్నట్టు చదువుతుంది.”

తెర మీద వరసలు పరుగెత్తి ఆగాయి. బావమరిది వేలు ఎత్తాడు గాని నొక్కలేకపోయాడు. “చిన్నప్పుడు నన్ను రోజూ నిద్రలేపింది ఈ గొంతే. నువ్వు నొక్కు.”

అతను నొక్కాడు.

“ఏమండీ, ఒకసారి ఇటు రండి, తమ్ముడొచ్చాడు.”

బావమరిది కిటికీ వైపు తిరిగిపోయాడు. అతను స్పీకరు మీద అరచెయ్యి ఆనించాడు. మాట పూర్తయ్యాక కూడా చెయ్యి తియ్యలేదు.

“ఇంకోసారి విందామా?” అన్నాడు బావమరిది కాసేపటికి.

“వద్దులే. ఆ వాక్యం నేను టైపు చేసిందేగా. ఎన్నిసార్లు విన్నా అది నా మాటే అవుతుంది.”

లేచి, టాబ్లెట్ తీసుకుని పెరట్లోకి నడిచాడు.

“ఇక నువ్వే మాట్లాడు,” అంటూ, మొక్కలకు నీళ్ళు పోస్తున్న భార్య చేతిలో పెట్టాడు.