కన్ను కొట్టే చిలక

మచ్చుకు నేసిన చీర చూడగానే హబీబుల్లా ముఖం చిట్లించాడు.

“ఏందప్పా ఇది? చిలక కన్ను కొట్టడంలేదే!”

ఆదినారాయణ చీర అంచును కళ్ల దగ్గరకు తెచ్చుకున్నాడు. జమ్మలమడుగులో ఆయన నేసే చీరలకు ఆ చిలకే ప్రాణం. అంచులో జంట చిలకలు ఎదురెదురుగా ఉంటాయి. ఎడమదాని కన్ను తెరిచి ఉంటుంది. కుడిదాని కన్ను మూసుకుని ఉంటుంది. ప్రొద్దుటూరు పెళ్లికూతుళ్లు దానికోసమే హబీబుల్లా అంగడి మెట్లెక్కుతారు.

“మా జేజినాయన పులివెందుల తిరునాళ్లలో మా అవ్వకు కన్ను కొట్టినాడు. ఆ గుర్తుకే ఇట్ల నేసినాడు” అని ఆదినారాయణ ముప్పై ఏళ్లుగా తాత కథ చెబుతున్నాడు. చెప్పిన ప్రతిసారీ తిరునాళ్లలో జనం పెరుగుతున్నారు.

“యాభై చీరలూ కన్ను కొట్టాల. లేకుంటే ఆర్డరే వద్దు” అని హబీబుల్లా లేచిపోయాడు.

తప్పంతా కంప్యూటరుదే. పాత మగ్గాన్ని నడిపేవి తాత కాలంనాటి, చిల్లులు పొడిచిన అట్టలు. చిల్లు ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. కొత్త మగ్గమేమో పెన్‌డ్రైవ్ పెడితేనే మాట వింటుంది. అట్టలను గుర్తుపట్టనే పట్టదు. అందుకని ప్రొద్దుటూరు నుంచి కంప్యూటర్ల శిల్పను పిలిపించారు. ఆ అమ్మాయి నాలుగు వందల అట్టలకూ ఫొటోలు తీసి, చిల్లులన్నిటినీ చుక్కలుగా కంప్యూటరులోకి ఎక్కించింది.

ఆదినారాయణ ఆమె మీద విరుచుకుపడ్డాడు.

“మా జేజినాయన కంటే నీ కంప్యూటరుకు శానా తెలుసునా పాపా?”

“రెండు చిలకలూ ఒకేలా లేవు కదా మామా. పొరపాటనుకుని అదే సరిచేసింది.”

“పొరపాటా! ప్రేమ పాపా అది, ప్రేమ! దానికి యాడ అర్థమయితాది?”

శిల్ప నవ్వాపుకుని, కుడి చిలక కంటి దగ్గర ఒక్క చుక్క చెరిపింది. మగ్గం ఆడింది. చిలక కన్ను కొట్టింది.

“ఇదప్పా చిలకంటే!” అని మళ్లీ వచ్చిన హబీబుల్లా ఆర్డరు ఖాయం చేసిపోయాడు.

ఇక పాత అట్టలతో పని లేదు. ఆదినారాయణ భార్య మునెమ్మ వాటిని దులిపి మూట కడుతూ, కుడి చిలక కన్నున్న అట్ట దగ్గర ఆగింది. వెలుతురుకు ఎత్తి చూసింది. గోటితో గీకడం మొదలుపెట్టింది.

“ఏం జేస్తాండావు?” అన్నాడు ఆదినారాయణ.

“మీ జేజినాయన ప్రేమను పెరుకుతాండా” అంటూ మునెమ్మ, చిల్లులో ఎండి బిగుసుకున్న సంగటి మెతుకును తీసి ఆయన అరచేతిలో పెట్టింది.